నత్తలంక నీళ్ళలో ఎర్రచుక్కలు

పోయినవారం కెజియాను నత్తలంక బడిలో, మూడో తరగతి గదిలో, కిటికీ పక్క బల్ల మీద మైక్రోస్కోపు పెట్టుకుని నిలబడి ఉండగా వదిలి వచ్చాం. వట్లూరు కాలేజీలో జువాలజీ పాఠాలు చెప్పుకునే మనిషి ఈ కొల్లేటి లంకకు ఎందుకొచ్చిందో మరచిపోయిన వారి కోసం నాలుగు మాటలు.

2005 వేసవిలో రెండు నెలల పాటు ఆ ఊరి పిల్లల్ని విరేచనాలు వదల్లేదు. ఎనభైమంది మంచం పట్టారు. ఇద్దరు పోయారు. ఆ ఇద్దరిలో ఒకడు వెంకటనరసమ్మ మనవడు, ఏడాదిన్నర వాడు. తాగునీటి చెరువులో క్లోరిన్ కలిపారు, బిళ్ళలు పంచారు, ఏం చేసినా తగ్గలేదు. రోగమేమిటో తేల్చడానికి నమూనాలు తీసుకునే పని కెజియా మీద పడింది. అప్పుడు చేపల చెరువుల వెంకట్రాజు ఒక అర్జీ పెట్టాడు. తాగునీటి చెరువు గట్టు మీద గేదెల్ని కట్టుకుని బతికే అరవై కుటుంబాల వల్లే ఈ రోగం వచ్చిందనీ, గేదెల్నీ మనుషుల్నీ అక్కణ్ణించి ఖాళీ చేయించాలనీ ఆ అర్జీ సారాంశం. దానికి శాస్త్రం తోడు కావాలి గనక, రిటైరయిన ప్రొఫెసరు పాండురంగారావు గారిని తన కార్లో తీసుకొచ్చాడు. విచారణ చెయ్యడానికి జిల్లా నుంచి ఎలీయాజరు గారనే అధికారి వచ్చారు. గుమ్మం బయట ఊరంతా ఉంది.

పాండురంగారావు గారికి తెలియని సంగతి లేదు. తనకు తెలియనివి ఆయన లెక్కలో సంగతులే కావు. తెల్లటి సఫారీ సూటు తొడుక్కుని, కుర్చీ మీద రుమాలు పరిచి మరీ కూర్చున్నారు. ఊళ్ళోకి వచ్చిన గంటన్నరలో ఆయన చెరువు దగ్గరికి వెళ్ళలేదు. ఒక్క పిల్లవాణ్ణి చూడలేదు. రిపోర్టు మాత్రం ఏలూరు నుంచే టైపు చేయించి తెచ్చుకున్నారు.

"ఇది అమీబా అండీ. పశువుల పేడ నీళ్ళలో కలిస్తే వస్తుంది. వీళ్ళకి శుభ్రం అంటే ఏమిటో తెలీదు. మనం నేర్పలేం. గేదెల్ని తోలెయ్యడం ఒక్కటే దారి," అన్నారాయన, గుమ్మం వైపు చూడకుండానే.

వెంకటనరసమ్మ గుమ్మంలోంచి అంది. "బాబుగారూ, మా తాతల నాటి నుంచీ ఆ గట్టు మీదే గేదెలున్నాయండి. ఈ రోగం ఈ ఏడే కదండీ వచ్చింది?"

"నువ్వు ఊరుకోమ్మా. పెద్దవాళ్ళు మాట్లాడుతున్నారు," అన్నాడు వెంకట్రాజు. కోప్పడలేదు. కోప్పడ్డానికి కూడా ఆమె తగదన్నట్టు, చేత్తో ఈగను తోలినట్టు అన్నాడు.

ఎలీయాజరు గారు కళ్ళద్దాలు తుడుచుకుంటూ కెజియా వైపు తిరిగారు. "మీరేదో వేరే చెబుతున్నారటండీ?"

"అమీబా కాదండీ. దీని పేరు క్రిప్టోస్పోరిడియమ్. ఏకకణ జీవి. పేగు గోడలో పెరిగి, చిన్న గుండ్రటి తిత్తుల రూపంలో బయటికి వస్తుంది. ఆ తిత్తులు నీళ్ళలో నెలల తరబడి బతుకుతాయి. క్లోరిన్‌కు చావవు. అందుకే మీరెంత మందు కలిపినా పిల్లలకి తగ్గలేదు. కొందరు పిల్లల్లో జియార్డియా కూడా ఉందిగానీ, అది పెద్దది, కోలగా ఉంటుంది, తేలిగ్గా గుర్తుపట్టొచ్చు. పిల్లల్ని పడగొట్టింది ఇదీ," అంటూ మైక్రోస్కోపు మీద చెయ్యి వేసింది.

పాండురంగారావు గారు నవ్వారు. నలభై ఏళ్ళు విద్యార్థుల మీద వాడి అరగదీసిన నవ్వు అది.

"ఏ ఊరమ్మా మీది?"

"తాడేపల్లిగూడెమండీ."

"నాన్నగారేం చేస్తారు?"

"మిషన్ స్కూల్లో మాస్టారుగా చేసి రిటైరయ్యారండీ. దేవరాజు గారు."

"అదీ సంగతి. బడిపంతులు గారి అమ్మాయి. ఎవరో ఏదో పుస్తకంలో ఒక పేరు చూపించి ఉంటారు, పట్టుకుంది. చూడమ్మా, నువ్వు చూసినవి ఈస్టు కణాలు. పిల్లల మలంలో ఈస్టు బోలెడు ఉంటుంది. గుండ్రంగా కనిపించినదల్లా పరాన్నజీవి అయితే ఈ దేశంలో పకోడీ కూడా పరాన్నజీవే."

వెంకట్రాజు పడీపడీ నవ్వాడు. అతని వెనక నిలబడ్డ ఇద్దరు మనుషులు అర్థం కాకపోయినా నవ్వారు. కెజియా ముఖం వేడెక్కింది. చిన్నప్పుడు తండ్రిని ఇలాగే "పంతులు గారు" అని సాగదీసి పిలిచిన వాళ్ళు గుర్తొచ్చారు. మరుక్షణం ఆ వేడి చల్లారి, దాని చోట ఇంకొకటి వచ్చింది. ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి సఫారీని, రుమాలును, జేబులోంచి తియ్యని కలాన్ని చూస్తుంటే ఆమెకు భయం వెయ్యలేదు. ఏవగింపు కలిగింది. ఇద్దరు పిల్లలు చచ్చిపోయిన ఊరికి వచ్చి, చూడకుండా తీర్పు చెప్పడానికి మనిషి లోపల ఎంత ఖాళీ ఉండాలి అనుకుంది.

"సరేనండీ. మీరే గుర్తుపట్టండి," అంది.

బల్ల మీద నాలుగు గాజు పలకలు పెట్టింది. వాటి మీద ఒకటి, రెండు, మూడు, నాలుగు అని అంకెలు తప్ప ఏమీ లేవు. ఏ పలక ఎక్కణ్ణించి తెచ్చిందో రాసిన కాగితం కవర్లో పెట్టి, అంటించి, ఎలీయాజరు గారి చేతికిచ్చింది.

"నాలుగూ ఒకే రోజు, ఒకే రంగుతో తయారుచేశానండీ. ముందు ఎర్రరంగు పట్టించి, యాసిడ్‌తో కడిగి, తర్వాత నీలం రంగు వేస్తాం. క్రిప్టో తిత్తులు యాసిడ్‌తో కడిగినా ఎరుపు వదలవు. ఈస్టు వదిలేసి నీలంగా మారుతుంది. మీకిది నేను చెప్పక్కర్లేదు."

"నాకు పరీక్ష పెడుతున్నావా?" అన్నారు పాండురంగారావు గారు.

"ఒకసారి చూడండి సార్, రెండు నిమిషాల పనేగా," అన్నారు ఎలీయాజరు గారు మెత్తగా. ఆయన ఏ మాటైనా మెత్తగానే అంటారు. కానీ అన్న తర్వాత కలం తెరిచి, రాసుకోవడానికి సిద్ధంగా కూర్చుంటారు. అప్పుడిక కాదనడం కష్టం.

కరెంటు లేదు. కెజియా మైక్రోస్కోపు కింది అద్దాన్ని కిటికీ వెలుగు వైపు తిప్పి, నూనెచుక్క వేసి, లెన్సు దించి, పక్కకు తప్పుకుంది. ప్రొఫెసరు గారు లేచారు. వంగారు. మొదటి పలక మీద మూడు సెకన్లు, రెండో దాని మీద ఇంకాస్త తక్కువ. ఆయన చెయ్యి ఫోకస్ తిప్పే మర మీదకే వెళ్ళలేదని కెజియా గమనించింది. ఆయనకు కనిపించింది రంగు మసక మాత్రమే అయి ఉండాలి.

"ఒకటి, రెండు, నాలుగు ఈస్టు. మూడోదాన్లో ఉంది మీ పరాన్నజీవి. చూశారా, కోలగా, పెద్దగా. గేదె పేడలోంచి వచ్చింది. నేను మొదటే చెప్పాను," అంటూ రుమాలుతో కళ్ళు ఒత్తుకుని కూర్చున్నారు.

"రాసుకున్నానండీ," అన్నారు ఎలీయాజరు గారు. కవరు చింపి చదివారు. "ఒకటి, వెంకటనరసమ్మ మనవరాలి విరేచనం. రెండు, గట్టు మీది గేదె పేడ. మూడు..." ఆగి, కాగితాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నారు. "మూడు, ఏలూరు బేకరీలో కొన్న బ్రెడ్డు ఈస్టు. నాలుగు, తాగునీటి చెరువు నీళ్ళు."

గుమ్మం దగ్గర ముందు ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. వెంకటనరసమ్మకే ముందు తెలిసింది. "అంటే అయ్యగారు బ్రెడ్డు ముక్కని గేదె అన్నారాండీ?" అందామె. అంతే, ఊరంతా గొల్లుమంది. రెండు నెలలుగా నవ్వని ఊరు. ఆ నవ్వులో సరదా లేదు, కసి ఉంది.

కెజియా నవ్వలేదు. అద్దం మళ్ళీ సరిచేసి, ఎలీయాజరు గారిని పిలిచింది. "మీరు చూడండి సార్. మీకు జువాలజీ రానక్కర్లేదు. కంటికి ఆనించుకునే ఈ భాగంలో చిన్న స్కేలు ఉంది. ఒక్కో గీత ఒక్కో మైక్రాన్, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, వచ్చేలా లెక్కకట్టుకున్నాం. ఎర్రచుక్క ఎన్ని గీతలుందో చెప్పండి చాలు."

ఎలీయాజరు గారు ఒక కన్ను మూసి చాలాసేపు చూశారు. "గుండ్రంగా ఉంది. అయిదు గీతలు."

"అది పిల్లదండీ. ఇప్పుడిది?"

"ఇదీ ఎరుపే. కానీ కోలగా ఉంది. పొడవు ఏడు... ఏడు దాటింది. అడ్డంగా అయిదున్నర."

"అది గేదెది. ఇది చెరువు నీళ్ళది."

"గుండ్రం. అయిదు."

"ఇలా గట్టు మీది గేదెల్లో, దూడల్లో నలభైంటి పేడ చూశానండీ. ఆరింటిలోనే దొరికింది. ఆరింటిలోనూ ఈ కోలగా ఉండే పెద్ద రకమే. ఇది పశువుల కడుపులో ఉండే వేరే జాతి. పిల్లల్లో ఒక్కరిలో కూడా ఇది లేదు. చెరువు నీళ్ళలోనూ లేదు."

"సైజులు మారుతుంటాయి! ఎండబెడితే కుంచించుకుపోతాయి. గీతలు లెక్కపెట్టి జాతులు తేల్చడానికి ఇదేమైనా దర్జీ కొట్టా? మైక్రోస్కోపు కింద తేడా తెలియని జాతులున్నాయమ్మా ఇందులో. దూడలకొచ్చేదీ మనిషికొచ్చేదీ ఒకేలా ఉంటాయి. ఆ సంగతి తెలుసా నీకు?" అని అరిచారు పాండురంగారావు గారు.

పొద్దున్నుంచి ఆయన అన్న మాటల్లో ఇదొక్కటే నిజం. కెజియా తల ఊపింది. "తెలుసండీ. దూడల్లో ఉండే చిన్న రకం మనుషులకూ వస్తుంది. దానికీ మనిషి రకానికీ కంటితో తేడా తెలీదు. జన్యుపరీక్ష చెయ్యాలి. అందుకే నెలక్రితమే నమూనాలు హైదరాబాదు ల్యాబుకు పంపాం."

ఆ మాట పూర్తవకముందే గుమ్మంలో జనం పక్కకు జరిగారు. శేషారత్నం గారు లోపలికి వచ్చారు.

కెజియా పనిచేసే డిపార్టుమెంటుకు ఆవిడే హెడ్. ఎమ్మెస్సీలో పాఠం చెప్పిందీ, మొదటిసారి గాజుపలకకు రంగు వెయ్యడం చెయ్యి పట్టుకుని నేర్పిందీ, ఈ ఉద్యోగం ఇప్పించిందీ ఆవిడే. పదకొండేళ్ళుగా కెజియా ఆవిడ మాటకు ఎదురు చెప్పలేదు, చెప్పాలని అనిపించనూలేదు. నేతచీర కుచ్చిళ్ళు బురద అంటకుండా ఎత్తి పట్టుకుని వచ్చిన శేషారత్నం గారు, పాండురంగారావు గారికి నమస్కారం పెట్టి, హ్యాండుబ్యాగులోంచి కవరు తీశారు.

"పొద్దున్న పోస్టులో వచ్చిందండీ. ఇది ఇవ్వాలనే పరిగెత్తుకొచ్చాను. కెజియా, నువ్వే చదువు."

కెజియా చదివింది. తొమ్మిదిమంది పిల్లల నమూనాలు, మూడు నీటి నమూనాలు, అన్నిటిలోనూ ఉన్నది ఒకే జాతి. దానికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు హోమినిస్. మూడేళ్ళ కిందటిదాకా దాన్ని దూడల రకంలో కలిపేసేవారు. ఇప్పుడు విడదీసి వేరే జాతి అన్నారు. గేదెల ఆరు నమూనాల్లో ఉన్నది ఇంకో జాతి, ఆండర్సొనై.

"దీని భావమేమిటండీ?" అన్నారు ఎలీయాజరు గారు.

"హోమినిస్ దాదాపు మనుషుల్లోనే పెరుగుతుందండీ. ఆ చెరువులో కలుస్తున్నది గేదెల పేడ కాదు. మనుషుల మలం. అదీ చాలా ఎక్కువగా."

వెంకట్రాజు భుజాలు ఎగరేశాడు. "మరదే కదండీ నేనూ అంటా. గట్టు మీద కూర్చునేది ఎవరు? వీళ్ళేగా. గేదెలు కాకపోతే వీళ్ళే. ఎలా చూసినా గట్టు ఖాళీ చెయ్యాల్సిందే."

మనవణ్ణి పూడ్చిపెట్టుకున్న ముసలమ్మ ముఖం మీద ఆ మాట పడటం కెజియా చూసింది. వెంకట్రాజును చూస్తే ఆమెకు కోపం రాలేదు, తేమగోడ మీద పాకే పురుగును చూసినట్టుంది. ఇతనికి కావలసింది ఆ గట్టు. గట్టు వస్తే చేపల లారీలకు దారి వస్తుంది. దానికి గేదెలైతేనేం, మనుషులైతేనేం, చచ్చిపోయిన పిల్లలైతేనేం.

"రాజుగారూ, చెరువులో ఆరుచోట్ల పదేసి లీటర్లు తీసి వడగట్టానండీ," అంది. "ఇళ్ళున్న పడమటి గట్టు దగ్గర ఎర్రచుక్కలు నాలుగైదుకు మించలేదు. ఉత్తరాన పది. తూర్పు మూల రెండొందల పైన. తూర్పు మూలన ఇళ్ళు లేవు. మీ చేపల చెరువు ఒక్కటే ఉంది."

ఎలీయాజరు గారు కలం మూత పెట్టి లేచారు. "పదండి, చూద్దాం."

"ఈ ఎండలోనాండీ? భోజనాలు చేసి వెళ్దాం, కొర్రమీను పులుసు చేయించాను," అన్నాడు వెంకట్రాజు.

"వచ్చాక తింటానండీ," అన్నారు ఆయన మెత్తగా.

పాండురంగారావు గారు మాత్రం ఎండ తనకు పడదన్నారు. డ్రైవర్ని పిలిచి, రుమాలు మడిచి జేబులో పెట్టుకుని కారెక్కారు. రిపోర్టు బల్ల మీదే వదిలేశారు. దాన్ని ఎవరూ ఆయనకు అందించలేదు.

గట్టు వెంట పది నిమిషాల నడక. ముందు ఎలీయాజరు గారు, ఆయన పక్కన వెంకటనరసమ్మ, వెనక కెజియా, శేషారత్నం గారు. వెంకట్రాజు సెల్‌ఫోను చెవికి పెట్టుకుని, సిగ్నలు దొరక్క, చెయ్యి పైకెత్తి అటూ ఇటూ తిప్పుతూ నడుస్తున్నాడు. నీటికోళ్ళు గుర్రపుడెక్కల్లోంచి లేచిపోయాయి. శేషారత్నం గారు అడుగడుక్కీ వెనకబడుతున్నారు. ఎండ వల్లేమో అనుకుంది కెజియా.

తూర్పు మూలకు చేరేసరికి దుర్వాసన ముక్కు బద్దలు కొట్టింది. చేపల చెరువుకీ తాగునీటి చెరువుకీ మధ్య ఉన్న గట్టు అడుగున సిమెంటు తూము ఉంది. దానికి అడ్డం పెట్టిన చెక్క కుళ్ళి, సగానికి విరిగి, నల్లటి నీళ్ళు బుడబుడమంటూ ఇటువైపు కారుతున్నాయి. కెజియా వంగి చూస్తుండగా గట్టు మీద ఇంజను చప్పుడైంది.

ట్యాంకరు. ఏలూరులో ఇళ్ళ సెప్టిక్ ట్యాంకులు తోడే బండి. అది తిన్నగా వచ్చి, రోజూ ఆగే చోటన్నట్టు ఆగింది. డ్రైవరు దిగి, లావుపాటి గొట్టం లాగి, చేపల చెరువులోకి వదలబోతూ జనాన్ని చూసి ఆగిపోయాడు.

"ఇక్కడ ఎందుకు పోస్తున్నావయ్యా?" అన్నారు ఎలీయాజరు గారు.

"చేపలకి బలమండి. ఎరువు. కోళ్ళపెంట కంటే చవకని రాజుగారు ఈ ఏడు జనవరి నుంచి తోలిస్తున్నారండి. రోజుకి మూడు బళ్ళు." వెంకట్రాజు కళ్ళెర్రజెయ్యడం చూసి డ్రైవరు కంగారు పడ్డాడు. "మాకు పర్మిషనుందండి! ఎవరన్నా ఆపితే చూపించమని రాజుగారే కాగితం ఇచ్చారండి." క్యాబిన్లోకి చెయ్యి పెట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టిన జిరాక్సు కాగితం తెచ్చి, దగ్గరగా ఉన్న కెజియా చేతికిచ్చాడు.

కెజియా చూసింది. టైపు చేసిన ఒకే పేజీ. పైన తమ కాలేజీ డిపార్టుమెంటు పేరు, 1998 నాటి తేదీ. సెప్టిక్ ట్యాంకుల నీరు చేపల చెరువులకు మంచి ఎరువనీ, దానివల్ల మనుషులకు ఎలాంటి హానీ లేదని తమ పరిశీలనలో తేలిందనీ ఉంది. కింద సంతకం. ఆ సంతకం ఆమెకు తన సంతకం కన్నా బాగా తెలుసు. ఎమ్మెస్సీ రికార్డు పుస్తకంలో ప్రతి పేజీ చివరా ఉన్నది అదే.

శేషారత్నం గారు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించారు. "కెజియా, దానికి రెండో పేజీ ఉంది. ఆరునెలలు నిల్వ పెట్టి, ఎండబెట్టాకే వాడాలని రాశాను. వీళ్ళు ఆ పేజీ తీసేశారు."

కెజియా కాగితం వైపు ఇంకోసారి చూసింది. "సంతకం ఈ పేజీ కిందే ఉంది మేడమ్. రెండో పేజీ ఉంటే సంతకం అక్కడుంటుంది కదండీ."

శేషారత్నం గారు పట్టుకున్న కుచ్చిళ్ళు వదిలేశారు. "అప్పుడు మా చిన్నాడి ఇంజనీరింగు సీటుకి డబ్బు... నీకు తెలీదు. నేను ఏ చెరువూ చూడలేదే. చేపల చెరువులవాళ్ళు అడిగారు, రాసిచ్చాను. ఇలా ఇవ్వు ఆ కాగితం," అన్నారు. చెయ్యి చాపారు.

కెజియా ఆ చేతిని చూసింది. పొద్దుట సఫారీ సూటును చూసినప్పుడు కలిగిన ఏవగింపు మళ్ళీ వచ్చింది. ఈసారి దాంతోపాటు కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. ఆ నీళ్ళ మీద కూడా ఆమెకు అసహ్యం వేసింది. కాగితం ఇవ్వలేదు.

"ఏవుందమ్మా అందులో? పైకి చదవండి," అన్నారు ఎలీయాజరు గారు అటునుంచి. అప్పటికే పుస్తకం తెరిచి, కలం పట్టుకున్నారు. వెంకటనరసమ్మ ఆయన పక్కన నిలబడి, చదువురాని తను కూడా కాగితంలోకే చూస్తోంది.

కెజియా చదవడం మొదలుపెట్టింది. కాలేజీ పేరు చదివింది. తేదీ చదివింది. "మనుషులకు ఎలాంటి హానీ లేదని" అన్న చోట ఆగి, మళ్ళీ మొదటినుంచి ఆ వాక్యం చదివింది. చివరి వాక్యం అయిపోయింది.

"కింద సంతకం ఎవరిదండీ?" అడిగారు ఎలీయాజరు గారు.

కెజియా తలెత్తింది. శేషారత్నం గారు చెప్పులు చేత్తో పట్టుకుని, చీర కుచ్చిళ్ళు బురదలో ఈడుస్తూ, వెనక్కి తిరిగి చూడకుండా గట్టు దిగి వెళ్ళిపోతున్నారు.